మా డెక్ మీద వడియాలు, మెట్ల మీద ఎలుగుబంటి

(గుంటూరు బ్రాడీపేటలో ఉదయపు నడక మిత్రులు ఏర్పాటు చేసుకున్న సాయంత్రపు సమావేశంలో ఒక విశ్రాంత జంతుశాస్త్ర లెక్చరర్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారమండీ. వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గిస్తే బాగుంటుంది... ఆఁ, చాలు.

నన్ను పిలవడానికి వచ్చినప్పుడు సెక్రటరీ గారు ఒక మాటన్నారు. "మాస్టారూ, మన హాల్లో కూర్చునేవాళ్ళలో సగం మందికి పిల్లలు అమెరికాలో ఉన్నారు. మిగతా సగం మంది వీసా ఇంటర్వ్యూ డేటు కోసం చూస్తున్నారు. మీరు ఆ ఎలుగుబంటి సంగతి చెప్పండి, చాలు" అని. ముప్పయ్యేళ్ళు జంతుశాస్త్రం చెప్పాను. కప్పల్ని కోయించాను, బొద్దింకల్ని కోయించాను. అదేదీ ఎవరికీ గుర్తులేదు. ఒక ఎలుగుబంటి వచ్చి మా ఆవిడ పెట్టిన వడియాలు తినేసి పోయింది. అప్పట్నించి నేను ఈ పేటలో ఎలుగుబంటి మాస్టారిని అయిపోయాను. (నవ్వులు)

జరిగింది చెబుతాను. మా అమ్మాయి వాళ్ళు న్యూజెర్సీలో మోరిస్ కౌంటీలో ఉంటారు, పార్సిపనీ పక్కన. మీలో చాలామంది వెళ్ళొచ్చిన చోటే. ఇంటి వెనక చెట్లు, ఆ చెట్ల వెనక ఇంకా చెట్లు. దిగిన రోజే అల్లుడు చెప్పాడు, "మామయ్యగారూ, ఇటువైపు ఎలుగులు తిరుగుతాయి. తినేవి ఏవీ బయట పెట్టకండి" అని. మేం తలలూపాం. ఊపామే గానీ, మే నెల ఎండ కనపడేసరికి మా ఆవిడ చేతులు ఊరుకోలేదు. మన మే ఎండతో దానికి పోలికేమిటి అనుకోండి, అయినా ఎండే కదా. బూడిద గుమ్మడికాయ ఆ వారం దొరకలేదని బియ్యప్పిండి వడియాలు పెట్టింది. ఇంటి వెనక చెక్క వసారా ఉంటుంది చూశారా, డెక్ అంటారు, దాని మీద పాత చీర పరిచి వరసగా పెట్టేసింది. పక్కనే మా మనవరాలు పిట్టల కోసం కట్టించుకున్న గింజల డబ్బా ఒకటి వేలాడుతూ ఉండేది.

రెండో రోజు మధ్యాహ్నం నేను సోఫాలో కునుకు తీస్తున్నాను. "ఏమండీ, ఎవరిదో పెద్ద కుక్క వచ్చిందండీ, తరమండి" అంది. లేచి గాజు తలుపు దగ్గరికి వెళ్ళాను. నల్లగా, నిగనిగలాడుతూ, మూతి మటుకు గోధుమ రంగు. వెనక కాళ్ళ మీద లేచి నిలబడి, ఆ గింజల డబ్బాని రెండు చేతులతో పట్టుకుని, మనం కొబ్బరిబొండం ఎత్తి తాగినట్టు గింజలు నోట్లో ఒంపుకుంటోంది. ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది 'ఊర్సస్ అమెరికానస్' అన్న పేరొక్కటే, అమెరికా నల్ల ఎలుగు శాస్త్రీయ నామం. అదయినా బ్లాక్‌బోర్డు మీద రాసిన పేరే కదా, దాంతో ఏం చేసుకుంటాను? డబ్బా అయ్యాక వడియాల దగ్గరికొచ్చింది. సగం నాకేసింది, మిగతావి చీరతో సహా ఈడ్చుకుపోయింది. ఆ చీర మా అత్తగారు పెట్టింది. ఎలుగుబంటి కంటే మా ఆవిడకి ఆ బాధే ఎక్కువ.

నాకు సిగ్గనిపించిన సంగతి ఆ తర్వాతది. మెట్లు దిగిన ఎలుగు తిన్నగా అడవిలోకి పోలేదు. పక్కింటికి వెళ్ళి వాళ్ళ చెత్త డబ్బా పడదోసింది. మర్నాడు ఆ ఇంటావిడ వచ్చింది. నా వయసే ఉంటుంది, రిటైర్డ్ నర్సు. కోప్పడలేదు, గొంతు పెంచలేదు. కూర్చుని చాలా మర్యాదగా చెప్పింది. ఆ వీధిలో వాళ్ళందరూ కొన్నేళ్ళుగా డబ్బాలు గ్యారేజీలో పెట్టుకుని తాళం వేసుకుంటున్నారట. చెత్త బండి వచ్చే రోజు పొద్దున్నే తప్ప బయట పెట్టరట. ఏ ఇంట్లోనూ ఏమీ దొరకక ఎలుగులు ఆ వీధి మానేశాయట. "ఒక్క ఇంట్లో దొరికితే చాలు, మిగతా ఇళ్ళూ వెతుక్కుంటుంది" అంది. ఆ ఒక్క ఇల్లు మాదే.

అప్పుడు మొదలుపెట్టాను దీని గురించి చదవడం. అంతకు ముందు నాకు తెలిసిన ఎలుగు పాఠం, అస్థిపంజరం, దంత సూత్రం. వీధిలో ఎలుగు నాకు తెలీదు.

ముందు, ఇన్ని ఎలుగులు ఎక్కడినుంచి వచ్చాయి? న్యూజెర్సీ చిన్న రాష్ట్రం, అమెరికాలో అన్నిటికంటే జనం కిక్కిరిసిన రాష్ట్రం. 1970ల మొదట్లో అక్కడ ఎలుగులు వంద కూడా లేవని అంచనా. 1971లో వేట ఆపేశారు. మరోపక్క, అమెరికా ఈశాన్యంలో ఒకప్పుడు అడవి నరికి సాగుచేసిన పొలాల్ని రైతులు వదిలేసుకుంటూ వచ్చారు. ఆ పొలాల్లో మళ్ళీ అడవి పెరిగింది. ఓక్ చెట్లు పెరిగాయి, వాటి కాయలు ఎలుగుకి ప్రాణం. ఎలుగులు పెరిగాయి. అదే సమయంలో జనం పట్నం వదిలి చెట్ల మధ్య ఇళ్ళు కట్టుకోవడం మొదలుపెట్టారు. ఇద్దరూ ఒకే చోటు వైపు నడిచారు. ఇప్పుడు ఆ రాష్ట్రంలో ఉన్న 21 కౌంటీల్లోనూ ఎలుగు కనిపిస్తోంది.

వేట సంగతి నన్నడక్కండి. అక్కడ అదొక పెద్ద గొడవ. వేట ఆపుతానని ఎన్నికల్లో మాటిచ్చి వచ్చిన గవర్నరే 2022లో మళ్ళీ అనుమతించాల్సి వచ్చింది. అనుకూలంగా మాట్లాడేవాళ్ళూ ఉన్నారు, గేటు దగ్గర అట్టలు పట్టుకుని నిలబడేవాళ్ళూ ఉన్నారు. నా అభిప్రాయం అడిగితే, వేట ఉన్నా లేకపోయినా చెత్త డబ్బా మూత సంగతి మాత్రం తప్పదు.

ఎందుకో చెబుతాను. ఆ ఎలుగులు చలికాలమంతా గుహలోనో చెట్టు తొర్రలోనో పడుకుంటాయి. ఒక్కోసారి మన డెక్ కిందే పడుకుంటాయి, అది వేరే కథ. ఆ నెలల్లో తినవు, తాగవు. పిల్లల్ని కనేది కూడా ఆ నిద్రలోనే, జనవరిలో. అంటే శీతాకాలం రాకముందే ఒళ్ళు కొవ్వెక్కాలి. సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి రోజుకి 20,000 కేలరీల దాకా తింటాయి. మన పూట భోజనాలన్నీ కలిపి రోజుకి 2,000 వేసుకోండి, అంటే పదిమంది తిండి. ఇప్పుడు మీరు ఎలుగు అనుకోండి. అడవిలో ఒక్కొక్క కాయా ఏరుకుంటూ రోజంతా తిరగాలి. ఇక్కడేమో ఒక కిలో పొద్దుతిరుగుడు పప్పులో 5,000 పైచిలుకు కేలరీలు, డబ్బాలో పోసి వేలాడదీసి ఉన్నాయి. ఎటు వెళ్తారు? దానికి తెలివి లేదనుకుంటాం గానీ, దాని లెక్క ముందు మన కామర్స్ లెక్చరర్లు చాలరు. (నవ్వులు) లేదు లేదు, ఇక్కడ కామర్స్ వాళ్ళున్నారని తెలుసు.

పైగా జ్ఞాపకం. ఒకసారి ఎక్కడ దొరికిందో మర్చిపోదు. తల్లి వెంట పిల్లలుంటాయి, ఏడాదిన్నర దాకా వదలవు. తల్లి చెత్త డబ్బా తెరిస్తే పిల్లలకి అదే బడి. నార్త్ కరోలినాలో యాష్‌విల్ అని ఒక పట్టణం ఉంది. అక్కడ పరిశోధకులు 2014 నుంచి ఊళ్ళో తిరిగే ఎలుగులకి కాలర్లు కట్టి చూశారు. ఊళ్ళో పెరిగిన ఏడాది పిల్ల బరువు అడవిలో పెరిగినదానికి దాదాపు రెట్టింపు ఉంది. ఊరి ఎలుగులు కొన్ని రెండేళ్ళకే తల్లులవుతున్నాయి. మనం పెట్టే తిండితోనే వాటి సంఖ్య పెరుగుతోందన్న మాట.

వాటిని పట్టుకుని దూరంగా అడవిలో వదిలేయొచ్చు కదా అని మా తోడల్లుడు అడిగాడు. వదులుతారు. చాలా ఎలుగులు పదుల మైళ్ళు నడిచి వెనక్కి వచ్చేస్తాయి. రానివి కొత్త ఊరు చూసుకుని అక్కడ డబ్బాలు తెరుస్తాయి. ఇళ్ళల్లో దూరడం అలవాటు చేసుకున్న ఎలుగుని చాలా రాష్ట్రాల్లో చివరికి చంపేస్తారు. పిట్టలకి గింజలు పోశాం, ముద్దుగా ఉందని ఆపిల్ పండు విసిరాం అనుకుంటాం. దానికి మరణశిక్ష రాసేది మనమే. న్యూజెర్సీలో ఎలుగుకి తిండి పెడితే 1,000 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. మా అల్లుడు ఆ సంగతి చెప్పాక మా ఆవిడ డాలర్లని రూపాయల్లోకి మార్చి లెక్కేసుకుని, వడియాలు ఒక్కొక్కటి ఎంత పడిందో నాకు చెప్పింది.

కాలిఫోర్నియాలో లేక్ టాహో దగ్గర ఇంకో కథ జరిగింది. అది మనకి బాగా తెలిసిన కథలా ఉంటుంది. 2022 ప్రాంతంలో ఒక ఎలుగు ఇళ్ళ తలుపులు పగలగొట్టి ఫ్రిజ్‌లు ఖాళీ చేస్తోందని గోల. 500 పౌండ్లు, అంటే 225 కిలోల పైన ఉండే భారీ జంతువు. దానికి 'హ్యాంక్ ద ట్యాంక్' అని పేరు కూడా పెట్టారు. రెండు డజన్ల పైన ఇళ్ళల్లో దూరిందన్నారు, చంపేయాలన్నారు. డీఎన్‌ఏ పరీక్ష చేస్తే తేలిందేమిటంటే, ఆ పనులు చేసింది ఒక్క ఎలుగు కాదు, కనీసం మూడు. 2023 ఆగస్టులో పట్టుకున్నారు. చూస్తే మగది కూడా కాదు, ఆడది. కొలరాడోలో ఒక సంరక్షణ కేంద్రానికి పంపారు.

ఇది చదువుతుంటే నాకు వినాయక చవితి గుర్తొచ్చింది. ఏటా చేతిలో అక్షింతలు పట్టుకుని మనం వినే శమంతకోపాఖ్యానం ఎలుగుబంటి కథే కదండీ. ప్రసేనుణ్ణి సింహం చంపింది, ఆ సింహాన్ని జాంబవంతుడు చంపి మణి పట్టుకెళ్ళాడు. నింద కృష్ణుడి మీద పడింది. ఆయనేం చేశాడు? అడవిలోకి వెళ్ళి అడుగుజాడలు చూశాడు. ఇవి సింహం అడుగులు, ఇక్కడినుంచి ఎలుగు అడుగులు అని పట్టుకుంటూ గుహ దాకా వెళ్ళాడు. ఇప్పటి ఫారెస్టు వాళ్ళు చేసేదీ అదే. హ్యాంక్ మీద పడినదాంట్లో కొంత నీలాపనిందే. ఆ పాపం దానికి చంద్రుడెక్కడ కనిపించాడో.

సరే, పని కొచ్చే మాటలకి వద్దాం. మన చిన్నప్పటి పాఠం ఒకటుంది. ఇద్దరు స్నేహితులు అడవిలో పోతుంటే ఎలుగు వచ్చింది. ఒకడు చెట్టెక్కాడు, రెండోవాడు చచ్చినట్టు పడుకున్నాడు, ఎలుగు వాసన చూసి వెళ్ళిపోయింది. స్నేహం గురించి ఆ పాఠం బాగానే ఉంటుంది. ఎలుగు గురించి మాత్రం నమ్మకండి. చెట్టెక్కినవాడి వెనకాలే అమెరికా నల్ల ఎలుగు మనకంటే తొందరగా ఎక్కుతుంది. ఇక చచ్చినట్టు పడుకోవడం ఎలుగుని బట్టి మారుతుంది. అలాస్కా, మోంటానా వైపు గోధుమ రంగు గ్రిజ్లీ ఉంటుంది. అది తన పిల్లల్ని కాపాడుకోవడానికి మీద పడితే బోర్లా పడుకుని మెడ మీద చేతులు పెట్టుకోమంటారు. నల్ల ఎలుగు మీద పడితే మటుకు పడుకోకూడదు, చేతికి ఏది దొరికితే దాంతో ముక్కు మీద, మొహం మీద కొట్టమంటారు. రంగు చూసి గుర్తుపట్టడం కూడా కష్టమే, నల్ల ఎలుగుల్లో గోధుమ రంగువీ ఉంటాయి. మీ పిల్లలుండే రాష్ట్రంలో ఏ ఎలుగు ఉందో ముందే అడిగి తెలుసుకోండి. న్యూజెర్సీ, కనెక్టికట్, నార్త్ కరోలినాల్లో ఉన్నది నల్లదొక్కటే.

అది మీద పడే దాకా రావడం చాలా అరుదు. 2014లో న్యూజెర్సీలో అడవిబాటలో నడకకి వెళ్ళిన కుర్రాళ్ళలో ఒకబ్బాయి చనిపోయాడు. ఆ రాష్ట్రంలో నమోదైన మొదటి మరణం అదే. ఎక్కువగా జరిగేది, మనం తలుపు తీస్తాం, పది గజాల్లో అది ఉంటుంది. అప్పుడు పరిగెత్తొద్దు. మనం ఎంత పరిగెత్తినా దానికి సరిపోం, మన మోకాళ్ళ సంగతి మనకి తెలుసు. గట్టిగా, నిదానంగా మాట్లాడుతూ వెనక్కి నడవాలి. అది పారిపోవడానికి దారి వదలాలి. డెక్ మీద మూల ఇరుక్కుపోయేలా మనం మెట్ల దగ్గర నిలబడకూడదు. లోపలికి వచ్చేశాక స్టీలు పళ్ళెం మీద గరిటెతో మోగించండి. ఈ పనిలో మన ఆడవాళ్ళని మించినవాళ్ళు లేరు. (నవ్వులు) చెట్టెక్కి కూర్చుందంటే అది భయపడిందని అర్థం. వీడియో కోసం చెట్టు కింద చేరకుండా లోపలికి వెళ్ళిపోతే, కాసేపటికి అదే దిగి పోతుంది.

కుక్క ఉన్నవాళ్ళు గొలుసు వదలొద్దు. కుక్క ఎలుగుని చూసి మొరుగుతూ వెళ్తుంది. అది తిరగబడగానే మళ్ళీ ఎక్కడికొస్తుంది? యజమాని కాళ్ళ దగ్గరికి, ఎలుగుని వెంటబెట్టుకుని.

కారు తలుపులు కూడా తెరుస్తాయి. మీరు నవ్వుతున్నారు గానీ నిజం. పైకి లాగే హ్యాండిల్ అయితే పంజాతో లాగుతుంది. సీటు కింద పిల్లలు పడేసిన చిప్స్ వాసన చాలు. లోపలికి వెళ్ళాక తలుపు మూసుకుపోతే బయటికి రాలేక, కారు లోపలంతా పీకి పెడుతుంది. రాత్రి కారు తాళం వేయడం దొంగల కోసమే అనుకోకండి.

ఇప్పుడు గుంటూరు గొప్పతనం. అడవికి వెళ్ళేవాళ్ళు బేర్ స్ప్రే అని ఒక డబ్బా నడుముకి కట్టుకుంటారు. అందులో ఉండేది క్యాప్సైసిన్, మిరపకాయలో ఉండే ఘాటు. ఒకటి రెండు శాతం ఉంటే చాలు, మీదికొచ్చే ఎలుగు మొహాన ఏడెనిమిది గజాల నుంచి కొడితే కళ్ళు మూసుకుని వెనక్కి తిరుగుతుంది. మన మిర్చి యార్డు గేటులో నిలబడితే చాలు, ఎలుగుల బాధ మనకి అర్థమవుతుంది. ఇది విన్న మా ఆవిడ ఏం చేసిందంటే, ఇక్కడినుంచి తెచ్చిన కారం చెత్త డబ్బా మూత మీద చల్లింది. ఆ రాత్రి వాన పడింది. పొద్దున చెత్త బండి మనిషి ఎర్ర నీళ్ళు చూసి బెదిరిపోయి అల్లుణ్ణి పిలిచాడు. కారం చల్లకండి. పనిచెయ్యకపోవడం ఒక్కటే కాదు. ఈ స్ప్రే నేల మీద పడి ఆరిపోయాక, ఆ మిరప నూనె వాసనకి అలాస్కాలో గోధుమ ఎలుగులు వచ్చి దాని మీద పొర్లాడటం పరిశోధకులు చూశారు. గాలిలో ఉంటే ఆయుధం, నేల మీద ఉంటే తాలింపు.

డబ్బా సంగతి వదలను. కొలరాడోలో డురాంగో అనే ఊళ్ళో పరిశోధకులు వెయ్యికి పైగా ఇళ్ళకి ఎలుగు తెరవలేని డబ్బాలు ఇచ్చారు, అలాంటి ఇంకో పేటని పాత డబ్బాలతోనే వదిలేశారు. కొన్నేళ్ళు చూస్తే, కొత్త డబ్బాల పేటలో చెత్త గొడవలు 60 శాతం తక్కువ. గమనించండి, డబ్బా ఇస్తే సరిపోలేదు, గొళ్ళెం వేసుకున్న ఇళ్ళు ఎక్కువున్న చోటే ఈ ఫలితం. గొళ్ళెం వేయని ఇళ్ళు కొన్ని ఉంటే వాళ్ళ వల్ల వేసుకున్నవాళ్ళకీ బాధే.

మన దగ్గరికి వద్దాం. 2021లో మన రాష్ట్రంలో పట్టణాల్లో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు ఇచ్చారు గుర్తుందా? మా అపార్ట్‌మెంటులో ఆకుపచ్చ డబ్బాలో బియ్యం పోసుకున్నవాళ్ళని చూశాను, నీలం దాంట్లో తులసి మొక్క చూశాను. మిగిలిన కూర మాత్రం ప్లాస్టిక్ సంచిలో ముడేసి వీధి మూలకి విసిరేశారు. కుక్కలు, పందులు, ఆవులు. ఎలుగు లేదు కాబట్టి సరిపోయింది. కోటప్పకొండ మీద కోతులు చూడండి. చేతిలో సంచి కనపడితే చాలు, చెంప పగలగొట్టి లాక్కుంటాయి. ఆ కోతికి ఆ పని ఎవరు నేర్పారు? తిరునాళ్ళకి వెళ్ళి అరటిపండు చూపించి ఫోటో దిగిన మనమే. న్యూజెర్సీ ఎలుగుకీ కోటప్పకొండ కోతికీ చదువు చెప్పింది ఒకే బడి.

మన ఎలుగు గురించి చెప్పకపోతే తప్పవుతుంది. అమెరికాలో నేర్చుకున్నది ఇక్కడ వాడితే ప్రాణం మీదికొస్తుంది. మన ఎలుగు వేరే జాతి. బొచ్చు చింపిరిగా, ఛాతీ మీద తెల్లగా వంకీలా గీత, పొడవాటి గోళ్ళు. మాచర్ల అవతల నల్లమలలో ఉంది. శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటల్లో ఉంది. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు కొండ దిగి ఊళ్ళోకి రావడం పేపర్లో చూస్తూనే ఉన్నాం. దీని తిండి ముఖ్యంగా చెదలు, చీమలు, తేనె, పండ్లు. పై పళ్ళలో ముందు రెండూ ఉండవు. ఆ ఖాళీలోంచి పుట్టలో చెదల్ని గాలితో లాగేస్తుంది, ఆ చప్పుడు దూరానికి వినపడుతుంది. పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. చలికాలం నిద్ర లేదు. చూపు మందం. గుడ్డెలుగు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

మీలో అరవై దాటినవాళ్ళకి ఎలుగుబంటిని ఆడించేవాళ్ళు గుర్తుండే ఉంటారు. ముక్కుకి తాడు, డమరుకం. పిల్లలకి దడుపు పోతుందని దాని వీపు మీద కూర్చోబెట్టేవారు, వెంట్రుక తాయెత్తు కట్టించేవారు. నాకూ కట్టారు. దడుపు పోయిందో లేదో మా డెక్ దగ్గర తేలిపోయింది. ఆ ముక్కుతాడు కోసం మూతిని కాల్చిన ఇనుప సూదితో గుచ్చేవారని పెద్దయ్యాక తెలిసింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినా ఆట ఆగడానికి చాలా ఏళ్ళు పట్టింది, 2009లో గానీ దేశంలో అది ముగియలేదు.

మన ఎలుగు ఎందుకు అంత ప్రమాదం? నల్ల ఎలుగు భయపడితే చెట్టెక్కుతుంది. మన ఎలుగు పులుల మధ్య పెరిగిన జాతి. పులి చెట్టెక్కగలదు, పరుగులో దాన్ని ఎలుగు ఓడించలేదు. ఇక మిగిలింది ఎదురు తిరగడమే. పుట్టలో తల పెట్టి చెదలు పీలుస్తూ ఉంటుంది, మనం వస్తున్న అలికిడి దానికి తెలీదు. తల ఎత్తేసరికి మనం అయిదడుగుల్లో ఉంటాం. అంతే, మీదపడి మొహం పీకేస్తుంది. ఉద్దానంలో జీడిపిక్కలు ఏరడానికి తెల్లవారుజామునే తోటలోకి వెళ్ళేవాళ్ళకి ఇదే గండం. జీడిపండు పండే కాలంలోనే ఎలుగూ ఆ చెట్ల కిందికే వస్తుంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఒక ఎలుగు వరసగా మనుషుల మీద పడింది. ఒకరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. మత్తిచ్చి పట్టుకున్నాక అదీ చచ్చిపోయింది. 2018లో తిత్లీ తుపాను ఆ ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి చెట్లని ఎలా కూల్చేసిందో చూశాం. అక్కడ మనిషికీ ఎలుగుకీ ఒకే తోట ఆధారం.

అందుకని మన దగ్గర సూత్రం, దానికి ముందే తెలిసేలా నడవాలి. ఒంటరిగా వెళ్ళొద్దు, గట్టిగా మాట్లాడుకుంటూ, కర్ర తాటించుకుంటూ వెళ్ళాలి. చీకట్లో టార్చి. 2023 ఆగస్టులో తిరుమల నడకదారిలో ఒక చిన్నపాప చిరుతకి బలయిన తర్వాత భక్తుల చేతికి కర్రలిచ్చారు. జనం నవ్వారు, చిరుతని కర్రతో కొడతామా అని. ఆ దారిలో ఎలుగులు కూడా తిరుగుతాయి. రాతి మెట్ల మీద కర్ర టకటకలాడుతుంటే ఎదర ఉన్నది పక్కకి తప్పుకుంటుంది. నా మట్టుకు నేను నవ్వలేదు, ఈసారి వెళ్ళినప్పుడు కర్ర తీసుకున్నాను.

జపాన్ ఊసెత్తి ముగిస్తాను. టీ వాసన వస్తోంది, మీ చూపులు అటు పోతున్నాయి. జపాన్‌లో 2025 ఏప్రిల్ నుంచి ఆ ఏడాదిలో ఎలుగుల చేతిలో కనీసం 13 మంది పోయారు, మునుపెప్పుడూ లేనంత. అకితా అనే ప్రాంతంలో బోనులు మోయడానికి నవంబరులో సైనికుల్ని పంపాల్సి వచ్చింది. ఏటా ఆ ఏడాదికి గుర్తుగా వాళ్ళు ఒక అక్షరం ఎంచుకుంటారు, ఆ డిసెంబరులో ఎంచుకున్నది కూడా 'ఎలుగు' అనే అక్షరమే. అడవిలో బీచ్ అనే చెట్లు కాయలు కాయలేదు, అదొక కారణం. ఇంకో కారణం చదివి నేను కాసేపు పుస్తకం మూసేశాను. పిల్లలందరూ పట్నాలకి వెళ్ళిపోయారు. ఊళ్ళల్లో మిగిలింది ముసలివాళ్ళే. పెరట్లో పెర్సిమన్ చెట్లు, మన సపోటా అనుకోండి, విరగ్గాస్తాయి. ఎక్కి కోసే ఓపిక ఎవరికీ లేదు. పండి అలాగే కొమ్మకి వేలాడుతుంటే వాటికోసం ఎలుగులు ఇంట్లోకి దిగుతున్నాయి. ఈ హాల్లో ఎంతమంది పెరట్లో మామిడికాయలు ఈ ఏడు కోసేవాళ్ళు లేక రాలిపోయాయి? చేతులెత్తక్కర్లేదు.

అడగాల్సినవి ఉంటే అడగండి. అదిగో, ఆ మూల అమ్మగారు.

(ప్రశ్న: మరి అక్కడికి వెళ్తే వడియాలు ఎక్కడ పెట్టుకోవాలండీ? పిల్లలకి అవంటే ఇష్టం.)

నేననుకున్నాను, ఈ ప్రశ్న వస్తుందని. గాజు కిటికీకి లోపలివైపు బల్ల వేసి ఎండ పడేచోట పెట్టుకోవచ్చు. ఓవెన్ బాగా తక్కువ వేడి మీద పెట్టి, తలుపు కొంచెం తీసి ఉంచి ఎండబెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. ఆవకాయ జాడీ కూడా గ్యారేజీలో పెట్టకండి, గ్యారేజీ తలుపు తీసి ఉందంటే అది వాళ్ళ లెక్కలో బయటే. అయినా నన్నడుగుతారేమిటి, పెట్టినావిడ మూడో వరసలోనే ఉంది. ఏమేవ్, నువ్వే చెప్పు.

(మూడో వరసలోంచి: ఇక్కడే ఎండబెట్టి సూట్‌కేసులో పట్టుకెళ్ళు వదినా. సగ్గుబియ్యంవి పెట్టు, బరువుండవు. పాత చీర మాత్రం అమ్మ పెట్టింది తీయకు.)